ముల్లు అబద్ధం చెప్పలేదు మాస్టారూ

ప్రశ్న: నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. ఉండేది నరసరావుపేటలో, బడి వినుకొండ వైపు ఒక పల్లెలో. నిరుడు 2017 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ట్యాంకు 37 లీటర్లని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. నా బాధ పెట్రోలు ముల్లుతో. ఫుల్ చేయించాక 120 కిలోమీటర్లు తిరిగినా ముల్లు కదలదు. సగానికి వచ్చేసరికి 400 కిలోమీటర్లు అవుతుంది. అక్కడి నుంచి మాత్రం జారుడుబండ మీద జారినట్టే, ఇంకో 220 తిరిగేసరికి రిజర్వు లైటు వెలుగుతుంది. పైసగం 400 ఇచ్చి కిందిసగం 220 ఇవ్వడం ఏం లెక్క? పైగా మొన్న లైటు వెలగ్గానే బంకుకు వెళితే 36.8 లీటర్లు పట్టిందని బిల్లు ఇచ్చారు. రిజర్వులో అయిదారు లీటర్లు ఉండాలి కదా, 37 లీటర్ల ట్యాంకులో అంత ఎలా పడుతుంది? బంకు వాళ్లు కొట్టేశారా, గేజీ పాడైందా? మా మామగారేమో ఫుల్ చేయించడమే తప్పు, ఎప్పటికప్పుడు అయిదొందలకు కొట్టించుకో అంటారు. మైలేజీ కూడా ఇదివరకు 18 వచ్చేది, ఇప్పుడు 17 రావడం లేదు. నేను ప్రతిసారీ ఒకే బంకులో, మూత దగ్గర పెట్రోలు కనబడేదాకా పోయించుకుంటాను.
— ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరంలో చివరి వాక్యం మీరు ఊరికే రాసి ఉంటారు గానీ, జవాబంతా దాన్లోనే ఉంది. ముందు మీ అంకెల్నే తీసుకుని లెక్క చేద్దాం.

రెండు ఫుల్ ట్యాంకుల మధ్య మీరు తిరిగింది 620 కిలోమీటర్లు, పట్టింది 36.8 లీటర్లు. అంటే లీటరుకు 16.8 చిల్లర. ముల్లు సగం దగ్గర నుంచి లైటు వెలిగేదాకా 220 కిలోమీటర్లంటే సుమారు 13 లీటర్లు ఖర్చయినట్టు. లైటు వెలిగేటప్పటికి ట్యాంకులో ఇంకో 5 లీటర్లు ఉన్నాయనుకుందాం. ఇలాంటి చిన్న కార్లలో ఉండేది అటూ ఇటూగా అంతే, కచ్చితమైన అంకె మీ కారు పుస్తకంలో చూసుకోండి. 13కి 5 కలిపితే 18. మీ ట్యాంకు 37లో సగం పద్దెనిమిదిన్నర. అంటే ముల్లు సగం చూపించినప్పుడు ట్యాంకులో నిజంగానే దాదాపు సగం ఉంది! కిందిసగం మీకు 220 మాత్రమే ఇచ్చిందని మీరు అనుకుంటున్నది, ఆ సగంలో 5 లీటర్లను ముట్టుకోకుండా బంకుకు వెళ్లారు కాబట్టి.

ఇక పైసగం. 400 కిలోమీటర్లంటే 23.7 లీటర్లు. పైసగంలో ఉండాల్సింది పద్దెనిమిదిన్నర. మిగతా అయిదు లీటర్ల చిల్లర ఎక్కడిది? అది మీరు మూతదాకా పోయించుకున్నది. కంపెనీ వాళ్లు పుస్తకంలో రాసే 37, ట్యాంకు అంచుదాకా పట్టే కొలత కాదు. వేడికి పెట్రోలు ఉబ్బడానికీ, ఆవిరి నిలవడానికీ పైన ఖాళీ వదిలి, ఆ ఖాళీ పోగా మిగిలినదాన్ని రాస్తారు. ఈ ఖాళీ, మూత నుంచి ట్యాంకులోకి దిగే గొట్టం కలుపుకుంటే అంచుదాకా పోసినప్పుడు రాసిన దానికన్నా 15 శాతమో అంతకు కొంచెం పైనో పడుతుంది. మీ ట్యాంకులో 5 లీటర్ల రిజర్వు మీద 36.8 పడిందంటే మొత్తం 41.8. 37 కన్నా 13 శాతం ఎక్కువ. కొలతలో దొంగతనం జరిగిందని ఈ అంకె ఒక్కదాన్ని పట్టుకుని చెప్పలేం. ‘37 లీటర్ల ట్యాంకులో 40 లీటర్లు కొట్టారు’ అని బంకుల దగ్గర జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఇదే.

ముల్లు మొదటి 120 కిలోమీటర్లు ఎందుకు కదలలేదో ఈపాటికి మీకే అర్థమై ఉంటుంది. ట్యాంకులో ఒక తేలే బెండు ఉంటుంది, మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి ఉన్నట్టే. దానికో కడ్డీ, ఆ కడ్డీ కొసన ఒక చిన్న పట్టీ మీద రాసుకుంటూ తిరిగే లోహపు ముక్క. బెండు లేచినా దిగినా పట్టీ మీద కరెంటుకు అడ్డుపడే నిరోధం మారుతుంది, దాన్నిబట్టి మీటరు ముల్లును కదుపుతుంది. ఈ బెండు ట్యాంకు పైకప్పును తాకేలోపే దాని పరుగు అయిపోతుంది. ఆ పైన మీరు ఎన్ని లీటర్లు పోసినా దానికి తెలియదు. మీ 120 కిలోమీటర్లకు ఖర్చైన 7 లీటర్లలో అయిదు అలా బెండుకు అందని పెట్రోలే. మిగతా రెండు లీటర్లూ బెండు పూర్తిగా లేచి ఉండే తావులోవి. ట్యాంకు కూడా చతురస్రంగా ఉండదు. వెనక సీటు కింద, సైలెన్సర్ గొట్టాన్నీ చక్రాల కడ్డీల్నీ తప్పించుకుంటూ మెలికలు తిరిగి ఉంటుంది. అందుకే ముల్లు ఒక్కో గీత దిగడానికి ఒక్కోచోట ఒక్కో దూరం పడుతుంది. కొత్త కార్లలో కంప్యూటరు ఆ వంకరను కొంతవరకు సరిదిద్దుతుంది గానీ పూర్తిగా కాదు.

ఇంకో విషయం. కారు కుదుపులకు పెట్రోలు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, ముల్లు ప్రతి ఊపుకూ ఆడకుండా మీటరు కావాలనే ఆలస్యం చేస్తుంది. ఇంజన్ ఆపకుండానో, కీ తిప్పి ఉంచో కొట్టించుకుంటే పోసింది చాలాసేపటిదాకా ముల్లులో కనిపించకపోవడానికి కారణం ఈ ఆలస్యమే. ‘వెయ్యి రూపాయలు కొట్టించినా ముల్లు లేవలేదు’ అని కంగారుపడేముందు కీ తీసి మళ్లీ పెట్టి చూడండి. బంకులో ఇంజన్ ఆపమని రాసిపెట్టింది అగ్నిప్రమాదం కోసమే అయినా, ఇదొక అదనపు లాభం.

ఇప్పుడు ఆ మూతదాకా పోయించే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. నాజిల్ కొసన లోపలివైపు చూస్తే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు పోతున్నంతసేపూ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది. మట్టం పెరిగి రంధ్రం మునిగిన క్షణాన గాలి ఆగిపోతుంది, లోపలి స్ప్రింగు విడిపోయి ‘టక్’మని ట్రిగ్గరు పడిపోతుంది. ఇందులో సెన్సరు లేదు, కరెంటు లేదు. ఆ ‘టక్’ దగ్గర ఆపేయాలి. ఆగరు. బంకు కుర్రాడు నాజిల్ కొంచెం పైకి లాగి, ‘రౌండ్ ఫిగర్ చేస్తాను సార్’ అంటాడు. 3,874 దగ్గర ఆగిందాన్ని చిన్నచిన్నగా నొక్కుతూ నాలుగు వేలు చేస్తాడు. చిల్లర బాధ తప్పుతుందని మనమూ తలూపుతాం. ఫోనుతో స్కాన్ చేసి కట్టే రోజుల్లో ఇంకా చిల్లర బాధేమిటో నాకర్థం కాదు.

ఆ చివరి లీటరు వెళ్లకూడని చోటికి వెళుతుంది. ట్యాంకులో పుట్టే ఆవిరి గాలిలో కలవకుండా ఒక గొట్టం గుండా బొగ్గుపొడి నింపిన డబ్బాలోకి వెళుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు ఆ ఆవిరిని పీల్చుకుని మండిస్తుంది. ఆ డబ్బా ఆవిరి కోసం చేసింది. అంచుదాకా పోస్తే ద్రవమే దాన్లోకి పోయి బొగ్గు నానిపోతుంది. కారు పక్కన నిలబడితే పెట్రోలు వాసన, ఫుల్ చేయించిన వెంటనే స్టార్టు కావడానికి మొరాయింపు, ఇంజన్ గుర్తు లైటు వెలగడం — ఈ మూడింటిలో ఏది మొదలైనా మెకానిక్కును ముందు ఆ డబ్బా చూడమనండి. మార్చాల్సి వస్తే ఖర్చు వేలల్లోనే ఉంటుంది. పైగా పల్నాడు ఎండలు మీకు నేను చెప్పాలా? ఒక్కో డిగ్రీ పెరిగితే పెట్రోలు వెయ్యింట ఒక వంతు దాకా ఉబ్బుతుంది. నేలలో చల్లగా ఉన్న పెట్రోలు 40 లీటర్లు పోయించుకుని బడి ముందు ఎండలో కారు పెడితే, 15 డిగ్రీలు వేడెక్కేసరికి అర లీటరుకు పైనే పెరుగుతుంది. ఖాళీ వదిలింది దానికోసం.

చవకగా దొరికే చోట ఈ ఆశ ఇంకా ఎక్కువ. కాకినాడ వైపు వాళ్లు యానాంలో, చిత్తూరు, అనంతపురం సరిహద్దు వాళ్లు కర్ణాటక బంకుల్లో ఇలాగే ఒక్క చుక్క ఖాళీ లేకుండా నింపుకుంటారు. దారిలో పని ఉండి ఆగితే మంచిదే. అక్కడా ఆ ‘టక్’ దగ్గరే ఆగాలి.

బంకు మోసం సంగతికి వద్దాం. మోసాలు లేవని నేను అనను. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మీకు గుర్తుండే ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని బంకుల పంపుల్లో చిప్‌లు పెట్టి, లీటరుకు 970 మిల్లీలీటర్లే పడేలా చేశారు. అయితే లెక్క చూడండి: అంత పెద్ద మోసం జరిగినా మీ 36.8 లీటర్లలో పోయేది లీటరు చిల్లర. అది ముల్లులో కనిపించదు. ముల్లు చూసి బంకును అనుమానించడం, ముల్లు చూసి బంకును నమ్మడం రెండూ ఒకటే.

అనుమానం తీర్చుకోవడానికి వేరే దారి ఉంది. ప్రతి బంకులోనూ తూనికలు, కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే మీ ముందు కొలిచి చూపించాలి. పాత్రను ముందు ఒకసారి పెట్రోలుతో తడిపి వంచేస్తారు, లేకపోతే గోడలకు అంటుకునే చెమ్మ కొలతలో తగ్గుతుంది. సమంగా ఉన్న నేల మీద పెట్టి, మామూలు వేగంతో సరిగ్గా 5.00 లీటర్లు పట్టించి, పాత్ర మెడ దగ్గర గీత చూడాలి. అటూ ఇటూ 25 మిల్లీలీటర్ల దాకా తేడాను చట్టం ఒప్పుకుంటుంది, అంతకు మించి తగ్గితే ఫిర్యాదు చేయొచ్చు. ఆ పెట్రోలు మళ్లీ బంకు ట్యాంకులోనే పోస్తారు, మీరు డబ్బు కట్టక్కర్లేదు. రద్దీ లేని వేళ, మర్యాదగా అడగండి. మాస్టారు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ససేమిరా అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నిజం చెప్పాలంటే సామాన్యుడు నష్టపోయేది చిప్ వల్ల కన్నా మాటల వల్ల. మీరు ‘వెయ్యికి’ అంటారు. 200 దగ్గర ఆపేసి, ‘అయ్యో, రెండొందలన్నారనుకున్నా సార్, మిగతా ఎనిమిదొందలు కొడతా’ అంటాడు. ఈలోగా ఇంకొకడు వచ్చి, ‘ఇంజన్ ఆయిల్ చూడమంటారా, కార్డా క్యాషా’ అని పలకరిస్తాడు. మీరు తిరిగి చూసేసరికి మీటరు 800 దగ్గర ఆగి ఉంటుంది. అది సున్నా నుంచి మొదలైందా, 200 నుంచి మొదలైందా? అందుకే కారు దిగండి, పంపు వైపు నిలబడండి, సున్నా చూశాకే నాజిల్ పెట్టనివ్వండి, మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టే ముందు మళ్లీ సున్నా చూడండి. లీటర్లతో సహా ప్రింటు బిల్లు తీసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి మూత లోపల ‘పెట్రోలు’ అన్న స్టిక్కరు ఊడిపోయి ఉంటే కొత్తది అంటించండి. ఎప్పుడైనా పొరపాటున డీజిల్ పోస్తే కీ తిప్పకండి, తోసి పక్కన పెట్టించి ట్యాంకు ఖాళీ చేయించండి.

వందకు బదులు నూటపది, అయిదొందలకు బదులు అయిదొందల పది కొట్టిస్తే మోసం జరగదనే మాట నమ్మకండి. పంపు లోపల మీటరు కొలిచేది లీటర్లనే, మీరు చెప్పిన రూపాయల్ని ధరతో భాగించి ఎక్కడ ఆగాలో లెక్కేసుకుంటుంది. దానికి గుండు సంఖ్య అయినా ఒకటే, కాకపోయినా ఒకటే. తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోలు చిక్కగా ఉండి ఎక్కువ వస్తుందనేది కూడా అలాంటిదే. బంకు ట్యాంకు నేలలో ఉంటుంది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ దాని వేడి పెద్దగా మారదు.

మీ మామగారి అయిదొందల సలహా గురించి. పెద్దవారిని కాదనడం నా ఉద్దేశం కాదు. చిన్న మొత్తాల వల్ల కారుకు చెడుపేమీ లేదు. కానీ అయిదొందలకు ఇప్పుడు అయిదు లీటర్లు కూడా రావు. అలా కొట్టించుకునేవాళ్లు ఎప్పుడూ ట్యాంకు అడుగునే తిరుగుతుంటారు, అది మంచిది కాదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉండి, చుట్టూ ఉన్న పెట్రోలుతోనే చల్లబడుతుంది. ఎప్పుడూ రిజర్వులో నడిపితే దానికి వేడి ఎక్కువ, మలుపుల్లో గాలి పీల్చే అవకాశం ఎక్కువ. డీజిల్ కార్ల వాళ్లకైతే ఇంకా గట్టిగా చెబుతాను: ట్యాంకు పూర్తిగా ఎండితే గొట్టాల్లో గాలి చేరుతుంది, డీజిల్ పోసినా వెంటనే స్టార్టు కాదు, గాలి తీయాల్సి వస్తుంది. ముల్లు పావు దగ్గరికి వచ్చినప్పుడు కొట్టించుకోవడం మధ్యే మార్గం.

అంతకన్నా మంచి దారి ట్రిప్ మీటరు. ఫుల్ చేయించిన ప్రతిసారీ దాన్ని సున్నా చేయండి. ‘టక్’ దగ్గర ఆపితే మీ ట్యాంకులో సుమారు 37 ఉంటుంది. 450 కిలోమీటర్లు తిరిగేసరికి దాదాపు 27 ఖర్చయి, పది మిగులుతుంది. 450 దాటితే బంకు చూసుకోవాలని పెట్టుకోండి, ముల్లు ఏం చెప్పినా చెప్పకపోయినా. ‘ఇంకో 60 కిలోమీటర్లు పోతుంది’ అని కొన్ని కార్లలో కనబడే అంకెను కూడా అంతగా నమ్మకండి. అది ఇటీవలి మైలేజీని మిగిలిన పెట్రోలుతో గుణించి చెప్పే అంచనా. హైవే మీద చూపించిన 60, ఊళ్లోకి రాగానే నలభై అవుతుంది. శ్రీశైలం వెళ్లేటప్పుడు మరీ జాగ్రత్త. దోర్నాల దాటాక ఘాటు ఎక్కుతుంటే ఇంజన్ ఎక్కువ తాగుతుంది, వాలులో బెండు ఒక పక్కకు ఒరిగి ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువో తక్కువో చూపిస్తుంది. దోర్నాలలోనో, అంతకు ముందు మార్కాపురంలోనో నింపుకుని ఎక్కండి.

మైలేజీ 18 నుంచి 16.8కి తగ్గిందన్నారు. ఆరున్నర శాతం. ముందు టైర్లలో గాలి చూడండి, ఎయిర్ ఫిల్టరు చూడండి. అవి బాగుంటే కారణం పెట్రోలులోనే ఉండొచ్చు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. 2021లో వచ్చిన నీతి ఆయోగ్ నివేదికే, ఇ20 కోసం తయారు కాని కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని అంచనా వేసింది. మీ 2017 కారు ఆ కోవలోదే. ఇందులో బంకు తప్పూ లేదు, మీ తప్పూ లేదు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి వానాకాలంలో మూత బిగుతుగా తిప్పారో లేదో చూసుకోండి, మూత లోపలి రబ్బరు రింగు పగిలి ఉంటే మార్చండి. కారు నెలల తరబడి కదపకుండా ఉంచే పనైతే పాత పెట్రోలుతో వదిలేయకండి.

పాత కారు కొన్నారు కాబట్టి చిన్న ముచ్చట ఒకటి. ముల్లు పక్కన పంపు బొమ్మ దగ్గర చిన్న త్రికోణం ఉందేమో చూడండి. అది ఎటు చూపిస్తే మూత అటు ఉంటుంది. 1986లో ఫోర్డ్ ఇంజనీరు జిమ్ మోయ్‌లాన్ వానలో కంపెనీ కారుకు పెట్రోలు కొట్టించబోయి, మూత అవతలి వైపు ఉండటంతో తడిసి ముద్దయి, ఆఫీసుకు వచ్చి ఈ గుర్తు పెట్టమని కాగితం రాశాడు. ఇప్పుడు దాదాపు అన్ని కార్లలోనూ ఉంది. మన దగ్గర చాలామంది డ్రైవర్లు బంకు క్యూలో నిలబడి మరీ అద్దంలోంచి మూత వెతుక్కుంటుంటారు.

మీ గేజీని రిపేరుకు ఇవ్వొద్దు. నిజంగా పాడైన గేజీ వేరేలా ప్రవర్తిస్తుంది. సగంలో ఉన్న ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడి మళ్లీ లేస్తే, బెండు కింది పట్టీ అరిగిందనో వైరు లూజయిందనో అర్థం. ఫుల్ చేయించినా అడుగునే పడి ఉంటే బెండులోకి పెట్రోలు చేరి మునిగిపోయి ఉండొచ్చు. లైటు వెలగకుండానే బండి ఆగిపోతే అదీ చూపించాల్సిందే. ఎప్పుడైనా అలా జరిగితే పంపు మొత్తం మార్చాలని ముందే ఒప్పుకోకండి. కొన్ని మోడళ్లలో బెండు, పట్టీ ఉన్న భాగాన్ని విడిగా అమ్ముతారు, అది ఉందేమో అడగండి. చాలా కార్లలో అది వెనక సీటు కింద మూత విప్పితే దొరుకుతుంది. మెకానిక్కు దగ్గరికి ఫుల్ ట్యాంకుతో మాత్రం వెళ్లకండి. మూత విప్పగానే పెట్రోలు సీటు కిందికి పొర్లుతుంది. పావు ట్యాంకు ఉన్న రోజు వెళ్లండి.